ఉద్యోగులకు అండగా మానసిక మదింపులు: ఫలితం ముందుగా ఎవరి చేతికి చేరాలి?

పనిలోకం

నేను ఒక మధ్యతరహా సంస్థలో హెచ్‌ఆర్ విభాగంలో పనిచేస్తున్నాను. కొంతకాలంగా మా దగ్గర అనారోగ్య సెలవులు పెరిగాయి. ఏళ్ల తరబడి నిలకడగా పనిచేసినవారు ఒక్కొక్కరే రాజీనామా చేస్తున్నారు, కారణం అడిగితే "వ్యక్తిగతం" అన్న మాటకు మించి ఎవరూ చెప్పడం లేదు. ఈ పరిస్థితిని గమనించిన యాజమాన్యం ఉద్యోగులందరికీ ఏడాదికి ఒకసారి మానసిక మదింపు జరిపించి, ఇబ్బంది పడుతున్నవారిని ముందుగానే గుర్తించి సాయం అందించాలని తలపెట్టింది. ఆ ఉద్దేశంపై నాకు ఎలాంటి అనుమానమూ లేదు.

అయితే ఈ సేవ అందిస్తామని ముందుకొచ్చిన సంస్థ ఇచ్చిన ప్రతిపాదన చదివాక నాకు బెంగ పట్టుకుంది. కుంగుబాటును పసిగట్టే ప్రశ్నావళి, ఆందోళనకు సంబంధించినది, బర్నౌట్ (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోయే స్థితి) కొలమానం, వ్యక్తిత్వ పరీక్ష అన్నీ కలిపి ఒకే విడతలో పెడతారట. ఫలితాలు ఉద్యోగి పేరుతో సహా విభాగాధిపతుల తెరపై ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో కనిపిస్తాయట. ఎరుపులో పడిన మనిషితో ఎవరు మాట్లాడాలి, ఏమని మాట్లాడాలి, ఆ తర్వాత ఏం చేయాలి అన్నది మాత్రం ఆ ప్రతిపాదనలో ఎక్కడా లేదు. ఈ రంగంలో పనిచేసినవారు, ఇలాంటి మదింపుల్లో పాల్గొన్నవారు తమ అభిప్రాయం చెబితే యాజమాన్యం ముందు ఒక స్పష్టమైన మాట పెట్టగలుగుతాను.

మనోగతం

పనిలోకం గారూ, నాది సంస్థాగత మనస్తత్వ శాస్త్రం. మీ బెంగకు తగిన కారణమే ఉంది. ఆ ప్రతిపాదనలో వేర్వేరు అవసరాల కోసం పుట్టిన సాధనాలను ఒకే సంచిలో వేశారు. వాటిని విడదీసి చూస్తే సగం చిక్కు అక్కడే వీడుతుంది.

కుంగుబాటును పసిగట్టే పీహెచ్‌క్యూ-9 వంటివి వైద్యరంగంలో పుట్టిన ప్రశ్నావళులు. 2001లో ప్రచురితమైన ఆ సాధనంలో 9 ప్రశ్నలు ఉంటాయి. గడిచిన రెండు వారాల్లో ఒక్కో లక్షణం ఎంత తరచుగా బాధించిందో 0 నుంచి 3 వరకు గుర్తించాలి. మొత్తం 27కు గాను 10 లేదా అంతకు మించి వస్తే మరింత లోతుగా పరీక్షించాలని అర్థం. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, అది రోగ నిర్ధారణ కాదు. వైద్యుడో, క్లినికల్ సైకాలజిస్టో ఆ మనిషితో కూర్చుని మాట్లాడడానికి అదొక ప్రారంభం మాత్రమే. 2006లో వచ్చిన జీఏడీ-7 కూడా ఆందోళన విషయంలో ఇదే పని చేస్తుంది.

బర్నౌట్ సంగతి వేరు. క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో ప్రచురించిన 22 ప్రశ్నల కొలమానం భావోద్వేగపరమైన అలసటను, ఎదుటివారి పట్ల ఏర్పడే నిర్లిప్తతను, తన పని వల్ల ప్రయోజనం ఉందన్న భావన తగ్గిపోవడాన్ని విడివిడిగా కొలుస్తుంది. ఒక వ్యక్తికి "నీకు బర్నౌట్ ఉంది" అని ముద్ర వేయడానికి దాన్ని వాడరాదని రూపకర్తలే స్పష్టం చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ కూడా బర్నౌట్‌ను వ్యాధిగా కాకుండా, పనిచేసే చోట సరిగ్గా పరిష్కారం కాని దీర్ఘకాలిక ఒత్తిడి వల్ల ఏర్పడే పరిస్థితిగానే పేర్కొంది. అంటే ఆ కొలమానం వేలెత్తి చూపేది పనివైపు. దాన్ని తీసుకెళ్లి ఉద్యోగి పేరు పక్కన ఎర్రచుక్కగా పెడితే కొలమానం చెప్పిన దానికి సరిగ్గా వ్యతిరేక దిశలో అర్థం చేసుకున్నట్టు అవుతుంది.

వ్యక్తిత్వ పరీక్షలకు ఉద్యోగుల ఆరోగ్యంతో ప్రత్యక్ష సంబంధం లేదు. ఎవరైనా తన వృత్తి మార్గం గురించి స్వయంగా ఆలోచించుకోదలచినప్పుడు అవి కొంత ఉపయోగపడవచ్చు. సాయం అందించే పథకంలో వాటికి చోటు లేదని నా అభిప్రాయం.

తెరచాటు

నేను ఉద్యోగిగా రాస్తున్నాను. గతంలో నేను పనిచేసిన ఒక సంస్థలో "మీ మేలు కోసమే" అంటూ ఒత్తిడిని తట్టుకునే శక్తిపై ఒక పరీక్ష పెట్టారు. గోప్యంగా ఉంటుందని చెప్పారు గనుక నేను ఉన్నది ఉన్నట్టు రాశాను. ఆ రోజుల్లో ఇంట్లో ఒకరి అనారోగ్యం వల్ల నాకు సరిగ్గా నిద్ర ఉండేది కాదు. తర్వాత జరిగిన అప్రైజల్‌లో మా పై అధికారి, కొత్త ప్రాజెక్టు బాధ్యత నాకు ఇవ్వకపోవడానికి కారణం వివరిస్తూ, "ఇప్పుడు మీపై అదనపు భారం పెట్టడం సరికాదని మాకు అర్థమైంది" అన్నారు. ఆయన నిజంగా దయతోనే అని ఉండవచ్చు. కానీ నేను అడగని దయ నా పదోన్నతిని ఆపింది, అందుకు ఆధారం నేను నమ్మకంతో రాసిచ్చిన జవాబులు.

ఆ విషయం పొక్కిన తర్వాత మరుసటి విడతలో అందరి ఫలితాలూ ఎంతో ఆరోగ్యంగా వచ్చాయి. ఎవరి పరిస్థితీ మెరుగుపడలేదు, ఎలాంటి జవాబులు రాస్తే క్షేమమో అందరికీ తెలిసిపోయింది, అంతే. ఆ నివేదిక చూసి యాజమాన్యం సంతోషించింది. నిజంగా సాయం అవసరమైనవారు అంతకు ముందుకన్నా ఎక్కువగా ముడుచుకుపోయారు. అందువల్ల ఏ ప్రశ్నావళి మంచిదన్న చర్చకు ముందే, ఆ కాగితం ఎవరి చేతికి వెళుతుందో తేల్చాలని నా మనవి.

గణకుడు

గోప్యత గురించి తెరచాటు గారు చెప్పినదాన్ని పూర్తిగా అంగీకరిస్తూనే, ఎంతో జాగ్రత్తగా, నిజాయితీగా నిర్వహించినా మిగిలిపోయే ఒక లెక్కను మీ ముందుంచుతాను.

పీహెచ్‌క్యూ-9ను తొలుత పరీక్షించినప్పుడు, 10ని గీతగా తీసుకుంటే తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారిలో 88 శాతం మందిని అది పట్టుకుంది, లేనివారిలో 88 శాతం మందికి ఆ సమస్య లేదని సరిగ్గానే చెప్పింది. వినడానికి ఇది మంచి ఫలితమే. ఇప్పుడు 1000 మంది ఉద్యోగులున్న సంస్థను తీసుకుని, వారిలో 50 మందికి నిజంగా ఆ సమస్య ఉందని అనుకుందాం. ఆ 50 మందిలో 44 మందిని సాధనం గుర్తిస్తుంది. మిగిలిన 950 మందిలో 12 శాతం, అంటే 114 మంది కూడా సమస్య లేకుండానే గీత దాటుతారు. మొత్తం 158 మంది పేర్లు ఎరుపులోకి వస్తే వారిలో నిజంగా ఆ సమస్య ఉన్నవారు మూడో వంతు కూడా ఉండరు. ఆరుగురు గీతకు ఇవతలే ఉండిపోయి, "మీకేం ఇబ్బంది లేదు" అన్న తప్పుడు భరోసా పొందుతారు.

సాధనం చెడ్డదని నేను అనడం లేదు. సమస్య అరుదుగా ఉండే సమూహంలో ఏ వడపోత సాధనం వాడినా ఈ ఫలితమే వస్తుంది. వైద్యుని దగ్గరకు స్వయంగా వచ్చినవారిలో సమస్య ఉన్నవారి నిష్పత్తి ఎక్కువ కాబట్టి అక్కడ అదే సాధనం చక్కగా పనిచేస్తుంది. గుంపు మొత్తానికీ వడపోత పెట్టి, వచ్చిన పేర్లను విభాగాధిపతుల తెరపై చూపించే పద్ధతికి మాత్రం ఈ లెక్క ఏమాత్రం సమర్థన ఇవ్వదు.

మనోగతం

గణకుడు గారి లెక్కకు ఒక చేర్పు. పనిచేసే చోట మానసిక ఆరోగ్యంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. ఉద్యోగులందరికీ ఇలాంటి వడపోత పరీక్షలు పెట్టే విషయంలో మేలు ఎక్కువో, కీడు ఎక్కువో తేల్చడానికి ఆధారాలు సరిపోవంటూ, పెట్టమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. అదే మార్గదర్శకాలు పని పరిస్థితులను మార్చే చర్యలనూ, పర్యవేక్షకులకు శిక్షణ ఇవ్వడాన్నీ, సెలవు నుంచి తిరిగి వచ్చేవారికి తోడ్పడడాన్నీ సిఫారసు చేశాయి. మీ యాజమాన్యానికి చూపించడానికి ఇది గట్టి ఆధారం.

ఇక అమలులో ఉన్న ఉదాహరణగా జపాన్‌ను చెప్పుకోవచ్చు. అక్కడ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి కార్యాలయమూ ఏడాదికి ఒకసారి ఒత్తిడి పరీక్ష జరపాలన్న నిబంధన 2015 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. సాధారణంగా వాడేది 57 ప్రశ్నల పట్టిక. జరపడం యజమాని బాధ్యతే గానీ, పాల్గొనాలన్న నిర్బంధం ఉద్యోగిపై లేదు. ఫలితం నేరుగా ఉద్యోగికే అందుతుంది, అతని సమ్మతి లేకుండా యజమానికి ఇవ్వకూడదు. నియామకాలు, తొలగింపులపై అధికారం ఉన్నవారు ఈ పరీక్షల నిర్వహణలో పాలుపంచుకోరాదు. తీవ్ర ఒత్తిడి ఉన్నట్టు తేలిన ఉద్యోగి కోరితే వైద్యునితో సంప్రదింపు ఏర్పాటు చేయాలి, కోరినందుకు అతనికి నష్టం కలిగించకూడదు. తెరచాటు గారికి జరిగినదాన్ని నివారించడానికి అవసరమైన కట్టడులు దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి.

దీనిలోని లోటును కూడా చెప్పాలి. వైద్యునితో మాట్లాడతానని యజమానికే విన్నవించుకోవాలి గనుక, ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్టు తేలినవారిలో కూడా అలా ముందుకు వచ్చేవారు చాలా తక్కువ. సాయానికి వెళ్లే దారి యజమాని గది గుండా పోతే చాలామంది ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతారు.

కార్మికపక్షం

ఉద్యోగ సంఘంలో పనిచేస్తున్న నాకు ఈ చర్చలో ఒక విషయం ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తోంది. మనం ఎప్పుడూ మనిషిని కొలవడంతోనే ఎందుకు మొదలుపెడతాం? మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, తుపాకుల మోత మధ్య కుప్పకూలే అవకాశం ఉన్న సైనికులను ముందుగానే ఏరివేయాలని అమెరికాలో రాబర్ట్ వుడ్‌వర్త్ ఒక ప్రశ్నావళి తయారుచేశారు. వ్యక్తిత్వ ప్రశ్నావళుల చరిత్ర చాలావరకు అక్కడి నుంచే మొదలైంది. ఏరివేత కోసం పుట్టిన ఆ అలవాటు నేటికీ పోలేదు. పరిస్థితి ఎంత దారుణమైనదైనా దానికి తట్టుకోలేని మనిషిలోనే లోపం ఉందన్నట్టు ప్రశ్నలు వేస్తాం.

పనిని కొలిచే సాధనాలు లేకపోతే ఆ వాదన నిలబడేది. కానీ అవి దశాబ్దాలుగా ఉన్నాయి. రాబర్ట్ కరాసెక్ 1979లోనే, పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తక్కువగా ఉన్న ఉద్యోగాల్లో మానసిక ఇబ్బంది అత్యధికమని చూపించారు. బ్రిటన్‌లో ఆరోగ్య, భద్రతా కార్యనిర్వాహక సంస్థ 2004లో ప్రమాణాలు రూపొందించి, పని డిమాండ్లు, పనిపై ఉద్యోగికి ఉన్న అదుపు, అందే మద్దతు, పరస్పర సంబంధాలు, పాత్రలో స్పష్టత, మార్పును నిర్వహించే తీరు అన్న ఆరు అంశాలపై 35 ప్రశ్నల పట్టికను అందుబాటులో ఉంచింది. డెన్మార్క్‌లో పుట్టిన కోపెన్‌హాగెన్ ప్రశ్నావళి కూడా ఇలాంటిదే, అనేక దేశాల్లో వాడుతున్నారు. వీటిలో "మీకు నిద్ర పడుతోందా, ఏడుపు వస్తోందా" అన్న ప్రశ్న కంటే ముందు "చేయలేనంత పని మీకు అప్పగిస్తున్నారా, ఒకరు ఒకటి చెబితే మరొకరు ఇంకొకటి చెబుతున్నారా" అన్న ప్రశ్న వస్తుంది. జవాబులు పేర్లు లేకుండా సమూహం మొత్తానివి కలిపి చూస్తారు కాబట్టి ఏ ఒక్కరూ బయటపడనక్కర్లేదు.

పనిలోకం గారి సంస్థలో అనుభవజ్ఞులు ఒకరి వెనుక ఒకరు వెళ్లిపోతున్నారంటే, వారందరి మనసులూ ఒకేసారి బలహీనపడ్డాయని నేను నమ్మలేను.

ఊరట

కార్మికపక్షం గారి ఆవేదన నాకు అర్థమవుతోంది. అయినా ఉద్యోగుల కౌన్సెలింగ్‌లో చాలాకాలంగా ఉన్న నేను ఇక్కడ కొంత విభేదించక తప్పదు. సమూహపు సగటులో ఒంటరి మనిషి కనిపించడు. విభాగం మొత్తం సవ్యంగానే ఉన్నా అందులో ఒకరు పసిబిడ్డను పోగొట్టుకున్న దుఃఖంలో ఉండవచ్చు, మరొకరు మద్యానికి లోబడుతూ ఉండవచ్చు, ఇంకొకరు చిన్ననాటి నుంచీ ఉన్న ఏకాగ్రత సమస్యను తన సోమరితనంగా భావించి కుమిలిపోతూ ఉండవచ్చు. పని పరిస్థితులను ఎంత చక్కదిద్దినా వీరికి అందాల్సిన సాయం వేరుగా ఉంటుంది.

ఇలాంటివారు తమంతట తాము కౌన్సెలర్ దగ్గరకు వచ్చినప్పుడు మదింపు ఎంతో ఉపయోగపడుతుంది. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి తమకేం జరుగుతోందో చెప్పడానికి మాటలు దొరకవు. "ఏదో బాగోలేదు" అంటారు. ప్రశ్నలను ఒక్కొక్కటిగా చదువుకుంటూ వెళుతుంటే, నిద్రలేమీ ఆకలి తగ్గడమూ చిన్నవాటికే విసుగు రావడమూ ఒకే సమస్యకు చెందినవని తెలిసి, ఇది తన ఒక్కరికే వచ్చిన విచిత్రం కాదని ఊపిరి పీల్చుకుంటారు. కొన్ని వారాల తర్వాత అదే ప్రశ్నావళిని మళ్లీ నింపితే చికిత్స పనిచేస్తోందో లేదో ఇద్దరికీ కనిపిస్తుంది. మారకపోతే పద్ధతి మార్చాలని నాకు తెలుస్తుంది.

దీర్ఘకాలిక సెలవు తర్వాత తిరిగి పనిలో చేరే సందర్భం మరొకటి. ఫిన్లాండ్‌లో రూపొందిన పని సామర్థ్య సూచికలో 7 అంశాలు ఉంటాయి, స్కోరు 7 నుంచి 49 వరకు ఉంటుంది. తన పనిలోని శారీరక, మానసిక అవసరాలను ఇప్పుడు ఏ మేరకు తట్టుకోగలనని ఉద్యోగి భావిస్తున్నాడో అది చూపిస్తుంది. 27 లేదా అంతకు తక్కువ వచ్చినవారిని మొదటిరోజే పూర్తి పనిలోకి దించితే మళ్లీ సెలవు పెట్టాల్సి రావచ్చని ముందే గ్రహించి, కొన్ని గంటలతో మొదలుపెట్టి మెల్లగా పెంచే ప్రణాళిక వేయవచ్చు. వ్యక్తిగత మదింపు ఉండాలన్నదే నా మాట. అది సంస్థ విసిరే వల కాకూడదు, ఉద్యోగి స్వయంగా తెరుచుకునే తలుపుగా ఉండాలి.

జట్టుసారథి

నేను ఒక చిన్న జట్టును నడిపిస్తున్నాను. ఇక్కడ అందరూ పై అధికారుల నుంచి ఫలితాలను ఎలా దాచాలన్న దానిపైనే మాట్లాడుతున్నారు. నా జట్టులో ఒకరు ఇబ్బందిలో ఉంటే నాకు తెలియాలని కోరుకోవడం తప్పా? తెలియకపోతే పని ఎలా తగ్గించగలను, గడువు ఎలా మార్చగలను? ఏమీ తెలియకుండా సాయం చేయమంటే ఎలా చేయాలో నిజంగా అర్థం కావడం లేదు. నాలాంటివారికి జట్టులోని మనుషుల మీద శ్రద్ధ ఉంటుందని కూడా దయచేసి గుర్తించండి.

ఊరట

జట్టుసారథి గారూ, మీ శ్రద్ధను ఎవరూ శంకించడం లేదు. మీకు తెలియాల్సిన సమాచారం వేరు, ప్రశ్నావళిలో ఉన్న సమాచారం వేరు. ఒకరికి పీహెచ్‌క్యూ-9లో 16 వచ్చిందని తెలిస్తే రేపు ఉదయం మీరు చేయగలిగిందేమీ ఉండదు, అతన్ని చూసే మీ చూపు మాత్రం మారుతుంది. అదే, "వచ్చే రెండు నెలలపాటు ఈ ఉద్యోగికి రాత్రి షిఫ్టులు వద్దు, ఒకేసారి మూడు పనులు కాకుండా ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వండి, వారానికి ఒక పూట చికిత్స కోసం వెసులుబాటు కల్పించండి" అన్న సూచన మీకు అందితే, అందులోని ప్రతి మాటా మీరు ఆచరించగలిగినదే. దాని వెనుక ఉన్నది కుంగుబాటో, వెన్నునొప్పో, కుటుంబ సమస్యో తెలుసుకోవాల్సిన అవసరం మీకు ఉండదు.

మేము పాటించే పద్ధతి ఇదే. ఉద్యోగి, కౌన్సెలర్ కలిసి కూర్చుని పనిలో కావలసిన మార్పులను రాసుకుంటారు. ఆ కాగితంలో ఏముండాలో, ఏముండకూడదో ఉద్యోగే నిర్ణయిస్తాడు. అతను సంతకం చేసిన తర్వాతే అది పర్యవేక్షకుడికి వెళుతుంది. జట్టులో ఎవరైనా మునుపటిలా లేరని మీరే గమనిస్తే, ఏ స్కోరూ లేకుండానే వెళ్లి, "ఈ మధ్య మీరు అలసటగా కనిపిస్తున్నారు, పనిలో నేను మార్చగలిగింది ఏదైనా ఉందా?" అని ఏకాంతంగా అడగవచ్చు. ఎలా అడగాలో, ఎక్కడ ఆగాలో పర్యవేక్షకులకు నేర్పించడం అందరికీ పరీక్షలు పెట్టడం కంటే ఎక్కువ మేలు చేస్తుందని నా అనుభవం.

జట్టుసారథి

ఈ తేడా నాకు ఇంతవరకు ఎవరూ ఇలా విడమరిచి చెప్పలేదు. అలాంటి కాగితం అందితే నేను సంతోషంగా పాటిస్తాను. కానీ గడువులు పై నుంచి వస్తాయి. జట్టులో ఒకరికి పని తగ్గిస్తే ఆ భారం మిగిలినవారి మీద పడుతుంది. దాన్ని సర్దుబాటు చేసే అధికారం కూడా నాకు ఇవ్వకపోతే ఆ కాగితం నా సొరుగులోనే ఉండిపోతుంది.

తెరచాటు

వ్యక్తిత్వ పరీక్షల గురించి ఒక మాట. మా దగ్గర ఒకప్పుడు ఒక్కో రకానికి నాలుగక్షరాల గుర్తు ఇచ్చి మనుషులను విభజించి, ఆ అక్షరాలను బల్లల మీద పెట్టించారు. సరదాగా మొదలైనది కొన్నాళ్లకే "ఆ రకం మనిషికి ఖాతాదారులతో మాట్లాడే పని ఇవ్వకండి" అనేవరకు వెళ్లింది. దీన్ని సాయం అనవచ్చా?

మనోగతం

అనకూడదు. మీరు చెబుతున్న, ఎంబీటీఐ అనే 16 రకాల వర్గీకరణను ప్రచారం చేసే సంస్థే, దాన్ని ఉద్యోగుల ఎంపికకు వాడడం అనైతికమని ప్రకటించింది. కొన్ని వారాల తేడాతో మళ్లీ రాస్తే చాలామంది వేరే రకంలోకి మారిపోతారన్నది ఆ సాధనంపై ఎప్పటి నుంచో ఉన్న విమర్శ. మనుషుల్లోని గుణాలు కొద్దికొద్దిగా పెరిగే, తగ్గే కొలతల మీద ఉంటాయి. మధ్యలో గీత గీసి అటువారు, ఇటువారు అని విడదీస్తే గీతకు దగ్గరలో ఉన్నవారు ఊరికే అటూ ఇటూ దొర్లుతారు.

చట్టం వైపు నుంచి కూడా ఒక హెచ్చరిక ఉంది. అమెరికాలో ఒక సంస్థ తన ఉద్యోగుల పదోన్నతికి ఎంఎంపీఐ అనే ప్రశ్నావళిని వాడింది. మానసిక రుగ్మతలను గుర్తించడానికి తయారైన సాధనం కాబట్టి దాన్ని పెట్టడం వైద్య పరీక్ష కిందికే వస్తుందని, అందువల్ల అది అంగవికలుర హక్కుల చట్టానికి విరుద్ధమని 2005లో అక్కడి ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానం తేల్చింది. 2018 నుంచి అమలులో ఉన్న ఐరోపా సమాచార రక్షణ నిబంధనలు ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేక రక్షణ అవసరమైనదిగా పరిగణిస్తాయి. ఇద్దరి మధ్య అధికారంలో స్పష్టమైన అసమానత ఉన్నచోట బలహీనుడు ఇచ్చే సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదేనా అన్న సందేహాన్ని కూడా అవి లేవనెత్తుతాయి. ఉద్యోగి, యజమాని సంబంధం అలాంటిదే కదా. "అందరూ సంతకం పెట్టారు" అని చెప్పి బాధ్యత దులుపుకోవడం కుదరదు.

పనిలోకం

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవాటి ఆధారంగా యాజమాన్యానికి వేరే ప్రతిపాదన సిద్ధం చేశాను. వ్యక్తిత్వ పరీక్ష, రంగుల తెర రెండింటినీ తొలగించాను. మొదటి అడుగుగా పని పరిస్థితులపై పేర్లు లేని ప్రశ్నావళిని బయటి నిపుణులతో జరిపిస్తాం. రెండవది, కౌన్సెలింగ్ సేవను బయటి సంస్థకు అప్పగించి, ఉద్యోగి నేరుగా వారినే సంప్రదించేలా ఏర్పాటు చేస్తాం. వ్యక్తిగత మదింపు అవసరమైతే ఆ గదిలోనే జరుగుతుంది. ఎంతమంది ఆ సేవను వాడుకున్నారన్న మొత్తం సంఖ్య తప్ప మాకు ఇంకేమీ రాదు. మూడవది, ఊరట గారు చెప్పిన సర్దుబాటు కాగితం. జట్టుసారథి గారు లేవనెత్తిన అభ్యంతరం చూశాక, సర్దుబాటు వల్ల తగ్గే పనిని జట్టు లక్ష్యాల నుంచే తీసివేయాలన్న షరతును కూడా చేర్చాను.

ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. మా విభాగాల్లో కొన్నింటిలో ఐదారుగురే ఉన్నారు, అక్కడ పేర్లు లేకపోయినా ఎవరు ఏమన్నారో ఊహించడం కష్టం కాదు. మరొకటి, పీహెచ్‌క్యూ-9ను పేర్లు లేని ప్రశ్నావళిలోనే కలిపితే సంస్థ మొత్తం పరిస్థితి తెలుస్తుంది కదా అని యాజమాన్యంలో ఒకరు అడుగుతున్నారు.

గణకుడు

మొదటి సందేహానికి. పదిమంది కంటే తక్కువ ఉన్న సమూహపు ఫలితాన్ని విడిగా చూపకూడదన్నది జపాన్ విధానంలో పాటించే సూత్రం, మీరు కూడా దాన్నే పాటించవచ్చు. చిన్న విభాగాలను పని స్వభావం దగ్గరగా ఉన్న మరో విభాగంతో కలపండి. అయితే అంతటితో సరిపోదు. ముప్పైమంది ఉన్న విభాగాన్ని కూడా వయసు, అనుభవం, స్త్రీ పురుషులు అంటూ అడ్డంగా, నిలువుగా కోసుకుంటూ పోతే చివరికి ఒక గడిలో ఒక్కరే మిగులుతారు. మొత్తం ఫలితం, ఒక భాగం ఫలితం రెండూ చూపిస్తే తీసివేతతో మిగిలిన భాగం బయటపడుతుంది. ఏయే విభజనలు చూపాలో ప్రశ్నావళి పంపకముందే రాతపూర్వకంగా నిర్ణయించి, తర్వాత ఎవరు అడిగినా కొత్త విభజన ఇవ్వకూడదని నిపుణులతో ఒప్పందం చేసుకోండి.

ఇంకొకటి, ఈ ఏడాది సగటుకూ వచ్చే ఏడాది సగటుకూ మధ్య స్వల్ప తేడా కనిపిస్తే దాన్ని విజయంగానో, వైఫల్యంగానో చూపకండి. చిన్న సమూహాల్లో ఇద్దరు ముగ్గురు మారితేనే సగటు కదులుతుంది. ఎంతమంది జవాబివ్వలేదన్నది మాత్రం తప్పక చూడండి. ఒక విభాగంలో సగంమంది మౌనంగా ఉన్నారంటే, వచ్చిన సగం జవాబుల కంటే ఆ మౌనమే పరిశీలించదగినది.

కార్మికపక్షం

పనిలోకం గారి కొత్త ప్రతిపాదన చూసి సంతోషించాను. ఒక్క షరతు మాత్రం చేర్చమని అడుగుతున్నాను. ప్రశ్నావళి పంపడానికి ముందే, ఫలితాలను ఉద్యోగులందరి ముందు ఏ తేదీన పెడతారో, ఏయే మార్పులకు డబ్బు, మనుషులు కేటాయించడానికి సిద్ధంగా ఉన్నారో యాజమాన్యం చెప్పాలి. పనికి తగ్గ మనుషులు లేరని అందరూ ఏకగ్రీవంగా రాస్తే, కొత్తవారిని తీసుకునే ఆలోచన ఉందా? లేదంటే ఆ ప్రశ్న అడగవద్దు. అడిగి, విని, ఊరుకుంటే కలిగే నిరాశ అడగకపోతే కలిగే నిరాశ కన్నా లోతైనది. మరుసటి విడతలో ఎవరూ కాగితం ముట్టుకోరు. ఫలితాలు విశ్లేషించే బృందంలో ఉద్యోగుల ప్రతినిధులు కూడా ఉండాలి; అంకెకు వెనుక ఉన్న కారణం ఆ పని చేసేవారికే తెలుస్తుంది.

ఊరట

రెండవ సందేహానికి నేను జవాబిస్తాను, ఎందుకంటే ఇందులో ఒకరి ప్రాణం ఇమిడి ఉండవచ్చు. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదవ ప్రశ్న, చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించీ, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనల గురించీ అడుగుతుంది. పేర్లు లేని ప్రశ్నావళిలో ఒకరు ఆ ప్రశ్నకు "దాదాపు ప్రతిరోజూ" అని గుర్తు పెట్టారనుకోండి. సంస్థకు ఆ సంగతి తెలుస్తుంది, ఎవరన్నది తెలియదు, వెతికితే గోప్యత పోతుంది, వెతకకపోతే మనిషి పోవచ్చు. అటువైపు ఆ మనిషి, తాను చెప్పాననీ, విని కూడా ఎవరూ రాలేదనీ అనుకుంటాడు. అందువల్ల పేర్లు లేని ప్రశ్నావళిలో ఈ సాధనాన్ని పెట్టవద్దు. సంస్థ మొత్తం ఎలా ఉందో తెలుసుకోవాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 5 ప్రశ్నల శ్రేయస్సు సూచిక సరిపోతుంది. అందులో ఉల్లాసం, ప్రశాంతత, లేవగానే తాజాగా అనిపించడం వంటి విషయాలే అడుగుతారు.

కౌన్సెలింగ్ గదిలో తొమ్మిదవ ప్రశ్న తప్పక ఉండాలి, కానీ దానికి సున్నా కాని జవాబు వస్తే ఆ కూర్చున్న చోటే మాట్లాడాలి. ఆలోచన మాత్రమేనా, పథకం ఉందా, మార్గం అందుబాటులో ఉందా, ఈ రాత్రి పక్కన ఎవరుంటారు అన్నవి అప్పుడే అడగాలి. ప్రాణాపాయం ఉందనిపిస్తే గోప్యతకు మినహాయింపు ఉంటుందన్న సంగతి కూడా మొదటి సంభాషణలోనే, ప్రశ్నావళి చేతికివ్వకముందే ఉద్యోగికి చెప్పి ఉండాలి. కొన్ని సంస్థలు ఈ ప్రశ్నావళిని ఫోన్ యాప్‌లో పెట్టి ఎప్పుడైనా నింపుకోమంటున్నాయి. మీకు సేవ అందించబోయే సంస్థ అలా చేస్తుంటే, అర్ధరాత్రి రెండు గంటలకు ఆ ప్రశ్నకు జవాబు వస్తే ఎవరు చూస్తారో, ఎంతసేపట్లో ఫోన్ చేస్తారో అడగండి. ఆ జవాబును ఒప్పందంలో రాయించుకున్న తర్వాతే సంతకం చేయండి.

పనిలోకం

రాయించుకుంటాను. తొమ్మిదవ ప్రశ్న గురించి సేవా సంస్థకు ఇప్పుడే రాస్తున్నాను. యాజమాన్యంతో సమావేశం ముగిశాక వారు ఒప్పుకున్నవీ, ఒప్పుకోనివీ రెండూ ఇక్కడే తెలియజేస్తాను.